మా ముత్తవ్వ పుట్టిల్లు వెతికిన ఏడాది: నా అనుభవం

2023 అక్టోబర్ 14, మహాలయ అమావాస్య. నాన్న అప్పుడు న్యూజెర్సీలో మా ఇంట్లోనే ఉన్నారు. తెనాలి నుంచి పురోహితుడు గారు ఫోన్‌లో మంత్రాలు చెబుతుంటే, డైనింగ్ టేబుల్ పక్కన పీట వేసుకుని తర్పణం వదిలారు. మా వాడికి తొమ్మిదేళ్ళు. కార్పెట్ మీద నీళ్ళు పడకుండా స్టీలు పళ్ళెం పట్టుకుని కూర్చున్నాడు. అంతా అయ్యాక, తాతయ్యా ఆ పేర్లన్నీ ఎవరివి అని అడిగాడు. నాన్న మూడు తరాల పేర్లూ ఓపిగ్గా చెప్పారు, ఆడవాళ్ళవి కూడా. అప్పుడు వాడు వాళ్ళ డాడీ వైపు తిరిగి, మరి మీ వైపు ఎవరెవరు అన్నాడు.

మా ఆయన వాళ్ళది బ్రూక్లిన్ యూదు కుటుంబం. వాళ్ళ అమ్మ, అమ్మ వాళ్ళ నాన్న, అంతవరకూ చెప్పాడు. ఆ పైన "కొవ్నో నుంచి వచ్చారు" (ఇప్పటి లిథువేనియాలో ఉంది) అని ఆగిపోయాడు. నాన్న తెలుగులో నాతో మెల్లిగా, "మూడు తరాలు కూడా తెలీకపోతే ఎట్లాగమ్మా" అన్నారు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే జాలిపడ్డారు. నాకు మాత్రం రాత్రంతా అదే మనసులో తిరిగింది.

అలా మొదలైంది. రెండు మూడు వారాల పని అనుకున్నాను, ఏడాది పట్టింది. ఇలాంటి వెతుకులాట మొదలుపెట్టేవాళ్ళకి ఎక్కడ ఏం దొరుకుతుందో, ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలియడం కోసం రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, బతికున్నవాళ్ళ సంగతులు కూడా ఇందులో కలిసి ఉన్నాయి. వెతికింది మా ఆయనకి ముత్తాత, ముత్తవ్వ అయ్యేవాళ్ళ గురించి, అంటే మా అత్తగారికి తాత, నాయనమ్మ.

మొదట అత్తగారికి ఫోన్ చేశాను. ఆవిడ ఫ్లోరిడాలో ఉంటారు. రెండు గంటలు మాట్లాడారు, నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తాత టోపీలు కుట్టేవాడు, 1934లో పోయాడు. నాయనమ్మ 1957లో, అత్తగారికి ఏడేళ్ళప్పుడు పోయింది. ఊరు కొవ్నో. ఇంటిపేరు ఎల్లిస్ ఐలండ్‌లో, అంటే ఓడల్లో వలసవచ్చినవాళ్ళని తనిఖీ చేసిన న్యూయార్క్ రేవు దీవిలో, గుమాస్తా ఎవరో మార్చేశాడు. ఇంతే. ఇందులో సగం తప్పని తర్వాత తేలింది. కానీ ఆవిడ దగ్గర ఒక కార్డు ఉంది, వాళ్ళ గుడివాళ్ళు ఇచ్చింది. తాత పోయిన రోజు వాళ్ళ పంచాంగం ప్రకారం అదార్ నెల 11. ఏటా ఆ తిథికి ముందు సాయంత్రం గ్లాసులో దీపం వెలిగిస్తారు, ఒక రాత్రీ పగలూ వెలుగుతుంది. ఇంగ్లీషు తేదీ ఏటా మారుతూ ఉంటుంది అని ఆవిడ నాకు వివరించబోతే, అత్తయ్యా మా తద్దినాలూ అంతే కదా అన్నాను. వాళ్ళకీ అధిక మాసం ఉంది, 19 ఏళ్ళలో 7 సార్లు వస్తుంది, వచ్చినప్పుడల్లా అదార్ నెలే రెండుసార్లు వస్తుంది. పదకొండేళ్ళ కాపురంలో మా ఇద్దరికీ అంత హుషారుగా మాట్లాడుకోవడానికి దొరికిన మొదటి విషయం ఇదేనేమో.

అక్టోబర్ చివర్లో జనాభా లెక్కలతో మొదలుపెట్టాను. అమెరికాలో ఆ కాగితాలు 72 ఏళ్ళ దాకా బయటపెట్టరు, ఇప్పుడు 1950 వరకూ చూడొచ్చు. ఫ్యామిలీసెర్చ్ అనే సైటులో ఉచితం. వాడిని పడుకోబెట్టి రాత్రి పది నుంచి పన్నెండు దాకా కూర్చునేదాన్ని. ఇంటిపేరు ఒక్కోసారి ఒక్కో స్పెల్లింగు. లెక్క రాసుకునే ఎన్యూమరేటర్ గుమ్మంలో నిలబడి చెవికి వినిపించింది రాసుకుపోయాడు. ఇక్కడ నాకు పనికొచ్చింది డైచ్-మొకటాఫ్ సౌండెక్స్ అనే పద్ధతి. తూర్పు యూరప్ యూదుల పేర్లను స్పెల్లింగుతో కాకుండా ఉచ్చారణను బట్టి వెతకడానికి 1985లో తయారుచేశారు. అది పెట్టగానే మావాళ్ళు 1910, 1920, 1930, 1940 నాలుగింట్లోనూ దొరికారు.

దొరికితే ఏం, వయసులు చూడండి. ముత్తవ్వకి 1910లో 26, 1920లో 34, 1930లో 42. పదేళ్ళకి ఎనిమిదేళ్ళు మాత్రమే పెరిగింది మహాతల్లి. అమెరికా వచ్చిన సంవత్సరం ఒకచోట 1904, ఇంకోచోట 1906. పుట్టిన దేశం 1910లో రష్యా, 1930లో లిథువేనియా. ఆవిడ కదల్లేదు, సరిహద్దులు కదిలాయి.

1910 కాగితంలో ఒక గడి ఉంది. తల్లికి పుట్టిన పిల్లలెందరు, ఇప్పుడు బతికున్నవాళ్ళెందరు. ఆవిడ ఎదురుగా 4, 2 అని ఉంది. నేను రెండు మూడుసార్లు జూమ్ చేసి చూశాను, 2ని 4 అని పొరపాటుగా చదివానేమో అని. కాదు. మర్నాడు అత్తగారికి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పోయిన పిల్లల సంగతి ఆవిడ ఏనాడూ వినలేదట. వాళ్ళ నాన్న 1915లో పుట్టాడు, ఆయనకైనా తెలుసో లేదో.

న్యూయార్క్ మునిసిపల్ ఆర్కైవ్స్ వాళ్ళు పాత జనన, వివాహ, మరణ పత్రాల్ని 2022లో ఆన్‌లైన్‌లో పెట్టారు. పైసా కట్టక్కర్లేదు. పేపరు స్కాన్ యథాతథంగా కనబడుతుంది. పెళ్ళి కాగితం దొరికి ఉంటే పని సులువయ్యేది, అందులో పెళ్ళికూతురి తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా ఉంటాయి. కానీ వీళ్ళ పెళ్ళి అమెరికా రాకముందే, అక్కడే అయిపోయింది. ముత్తాత మరణపత్రం దొరికింది, 1934 ఫిబ్రవరి 25, రాత్రి 9 గంటలకి. తండ్రి పేరు ఒకటి రాశారు, తల్లి పేరు "తెలియదు". ఆ వివరాలు చెప్పింది పందొమ్మిదేళ్ళ కొడుకు. తండ్రి చచ్చిపోయిన రాత్రి నాయనమ్మ పేరేంటి అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు?

పోయిన పిల్లల కోసం వెతకడం మొదలుపెట్టాను. నాలుగు స్పెల్లింగులు, 1903 నుంచి 1910 దాకా. పన్నెండు రాత్రులు పట్టింది. నవంబర్ 21న దొరికాడు. మగపిల్లాడు, పది నెలలు, 1908 జులై, లోయర్ ఈస్ట్ సైడ్‌లో లడ్లో స్ట్రీట్ అద్దె ఇల్లు, నాలుగో అంతస్తు. కారణం దగ్గర కలరా ఇన్ఫాంటమ్ అని ఉంది, అంటే ఎండాకాలంలో పసిపిల్లలకి వచ్చే వాంతులు విరేచనాలు. ఆ రోజుల్లో పాలు చెడిపోయి ఇలా పిల్లలు చాలామంది పోయేవారు. డాక్టరు "మూడు రోజులుగా చూస్తున్నాను" అని రాశాడు. నేను ల్యాప్‌టాప్ మూసేసి వెళ్ళి మా వాడి పక్కన పడుకున్నాను. ఇంకో బిడ్డ ఎవరో, ఎక్కడ పోయిందో ఈరోజుకీ దొరకలేదు.

ఈ మధ్యలోనే ముత్తవ్వ మరణపత్రానికి అప్లై చేశాను. 1957 కాబట్టి ఆన్‌లైన్‌లో లేదు, 15 డాలర్లు కట్టి పోస్టులో పంపాను, బంధుత్వం రుజువు చేయాలి. నేను మా ఆయన బర్త్ సర్టిఫికెట్ పెట్టాను కానీ అత్తగారిది, వాళ్ళ నాన్నది పెట్టడం మర్చిపోయాను. తొమ్మిది వారాల తర్వాత తిప్పి పంపారు. తప్పు నాదే. గొలుసులో ఒక్క లంకె లేకపోయినా ఒప్పుకోరు, ముందే అన్నీ జిరాక్స్ తీసి పెట్టుకోండి.

డిసెంబర్‌లో పౌరసత్వం కాగితాలు. బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో 1921లో ముత్తాత వేసిన పిటిషన్ దొరికింది. ఇది మంచి కాగితం. పుట్టిన ఊరు కొవ్నో కాదు, విల్కొమిర్, ఇప్పటి ఉక్‌మెర్గె. కొవ్నో అనేది జిల్లా లాంటిది, దాని ముఖ్యపట్నం పేరూ అదే. అంటే మనం వేమూరు పక్క పల్లెటూరు అయినా హైదరాబాదులో ఎవరైనా అడిగితే "గుంటూరండీ" అనేయడం లాంటిది. ఇంటిపేరు మార్పు కూడా ఇక్కడే ఉంది. పిటిషన్ అడుగున జడ్జి ఉత్తర్వు, ఫలానా పేరును ఫలానాగా మార్చడమైనది అని. ఎల్లిస్ ఐలండ్ గుమాస్తా పాపం ఏమీ చేయలేదు. అక్కడి వాళ్ళు ఓడ కంపెనీ బయల్దేరేటప్పుడు రాసిచ్చిన జాబితానే ముందు పెట్టుకుని సరిచూసేవారట, కొత్తగా పేర్లు రాసేవారు కాదు. ఈ సంగతి చెబితే అత్తగారు ఒప్పుకోలేదు. ఎనభై ఏళ్ళుగా ఇంట్లో చెప్పుకున్న కథ, ఒక కాగితం చూపిస్తే పోతుందా?

అదే పిటిషన్‌లో భార్య గురించి ఒక్క లైను. పేరు, "రష్యాలో పుట్టినది", అంతే. ఆవిడకి సొంత పిటిషన్ ఉంటుందని వారం రోజులు వెతికాక తెలిసింది, ఉండదని. 1922 సెప్టెంబర్ 22 దాకా భర్త అమెరికా పౌరుడైతే భార్య కూడా ఆటోమేటిగ్గా అయిపోయేది. ఆ తర్వాత చట్టం మారి ఆడవాళ్ళు విడిగా పెట్టుకోవాల్సి వచ్చింది. ముత్తాత ఇంకో ఏడాదిన్నర బద్ధకించి ఉంటే ఆవిడ పుట్టిన ఊరు, తేదీ అన్నీ ఆవిడ సంతకంతో నా చేతిలో ఉండేవి. ఆయన చకచకా పని పూర్తి చేసుకోవడం వల్ల ఆవిడ కాగితాల్లోంచి మాయమైపోయింది. పిటిషన్‌కి ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు. ఒకాయన కూడా టోపీలు కుట్టేవాడే. ఆ పేరు ఊరికే రాసిపెట్టుకున్నాను.

ఓడ జాబితాలు స్టీవ్ మోర్స్ అనే ఆయన వెబ్ పేజీల్లో వెతికాను. మూల వెబ్‌సైట్లలో దొరకని పేరు అక్కడ అక్షరం అటూ ఇటూ చేసి పట్టుకోవచ్చు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఒక మాట: మనం కాలేజీలో తలలు బద్దలు కొట్టుకున్న ఇంటెల్ 8086 చిప్ ఆర్కిటెక్చర్ రూపొందించింది ఈయనే. అది తెలిసి నేను మా ఆయనకి చెబితే అతనికి ఏమీ అనిపించలేదు, బీటెక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెడితే మాత్రం నలభై మెసేజీలు వచ్చాయి.

ముత్తవ్వ 1906 నవంబర్‌లో బ్రెమెన్ నుంచి వచ్చింది, మూడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని. ముత్తాత అంతకు ఏడాదిన్నర ముందే వచ్చాడు. జాబితాలో ఆఖరి నివాసం "కొవ్నో". మళ్ళీ గుంటూరే! 1907 నుంచి ఆ ఫారం రెండు పేజీలైంది, అందులో పుట్టిన ఊరు, అక్కడున్న దగ్గర బంధువు పేరు, అడ్రసు రాయాలి. చాలామంది ఆడవాళ్ళ తండ్రుల పేర్లు అక్కడే దొరుకుతాయి. ఈవిడ అది రావడానికి కొద్ది నెలల ముందు దిగింది. బ్రెమెన్‌లో బయల్దేరేటప్పటి జాబితాలు చూద్దామా అంటే అవి చాలావరకు మిగల్లేదు. హాంబర్గ్ నుంచి వచ్చినవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళవి 1850 నుంచి 1934 దాకా ఉన్నాయి.

కానీ ఆవిడ పేరు పక్కన మార్జిన్‌లో ఒక గుర్తు ఉంది, ఇంటూ మార్కు. అది ఉంటే ఆ ఓడ జాబితా చివరికి వెళ్ళి చూడాలి, ఆపి ఉంచినవాళ్ళ పట్టిక ఉంటుంది. మగతోడు లేకుండా వచ్చిన ఆడవాళ్ళని మొగుడు వచ్చేదాకా బయటికి వదిలేవారు కాదు. కారణం దగ్గర "భర్త దగ్గరికి" అని పొట్టి అక్షరాలు. పక్కన గవర్నమెంటు పెట్టిన భోజనాల లెక్క: పొద్దున 4, మధ్యాహ్నం 2, రాత్రి 4. రెండు ప్లేట్లు, రెండు రాత్రులు. మూడో రోజు పొద్దున 10:40కి వదిలారు. భాష రాని ఊళ్ళో చంటిదాన్ని పెట్టుకుని రెండు రాత్రులు, అతను వస్తాడా రాడా అని. నేను నెవార్క్‌లో దిగినప్పుడు మా ఆయన నలభై నిమిషాలు లేటయితేనే నాకు కాళ్ళు వణికాయి, ఫోన్ చేతిలో ఉండి కూడా.

జనవరి మొత్తం ఏమీ కదల్లేదు. ఒక పెయిడ్ సైటుకి నెలకి పాతిక డాలర్ల చొప్పున మూడు నెలలు కట్టాను, అందులో కొత్తగా దొరికింది సున్నా. అన్నీ ముత్తాత వైపే. ఆవిడ ఎవరి కూతురు, ఏ ఊరి ఆడపడుచు, ఎక్కడా లేదు.

ఇక మిగిలింది శ్మశానం. మరణపత్రంలో ఖననం చేసిన చోటు క్వీన్స్‌లోని మౌంట్ జయన్ అని ఉంది. వాళ్ళ సైటులో పేరు కొడితే గేటు, వరస, సమాధి నంబరు వచ్చేశాయి. యూదుల శ్మశానాలు శనివారం మూసేస్తారు, పండగలకీ అంతే, చూసుకుని వెళ్ళండి. మేం 2024 ఫిబ్రవరి 25, ఆదివారం వెళ్ళాం. ఇంగ్లీషు తేదీ ప్రకారం ఆయన పోయి సరిగ్గా తొంభై ఏళ్ళు. తిథి మాత్రం అప్పటికే అయిపోయింది, ఆ ఏడాది అదార్‌లు రెండొచ్చాయి, అత్తగారు మొదటి దాని ప్రకారం 19వ తేదీ సాయంత్రమే దీపం పెట్టేశారు.

చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. అక్కడ రెండు లక్షలకి పైగా సమాధులు ఉన్నాయంటే చూసేదాకా నేను ఊహించుకోలేకపోయాను. రాళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, రద్దీ బస్సులో జనం నిలబడ్డట్టు. మధ్యలో పాదం పట్టేంత చోటే. చాలా స్థలాలు సంఘాల పేరుతో ఉన్నాయి. ఒకే ఊరినుంచి వచ్చినవాళ్ళు సంఘం కట్టుకుని నెలనెలా చందాలు వేసుకుని, చచ్చిపోయాక పక్కపక్కన పడుకోవడానికి నేల కొనుక్కునేవారు. వాటిని లాండ్స్‌మన్‌షాఫ్ట్ అంటారు. ఒక్కో సంఘానికి రాతి స్తంభాల గేటు, స్తంభాల మీద ఊరి పేరు, ఆఫీసు బేరర్ల పేర్లు. మన ఊళ్ళో రామాలయం గోడమీద దాతల పేర్లు ఉండవూ, అచ్చం అట్లాగే.

మేం విల్కొమిర్ గేటు కోసం చూస్తున్నాం. సైటు చూపించిన చోట గేటు మీద "పొనెవెజ్" అని ఉంది. అది వేరే ఊరు, అదే కొవ్నో ప్రాంతంలోదే, ఇప్పటి పనెవెజీస్. తప్పు చోటికి వచ్చామనుకుని ముప్పావు గంట చుట్టూ తిరిగాం. చివరికి ఆఫీసుకి వెళ్తే అక్కడి పెద్దాయన పసుపుపచ్చని కార్డు తీసి చూసి, అదే గేటండీ, లోపల చెట్టు వెనకాల చూడండి అన్నాడు. నిజమే, ఒక పొద రాయిని పూర్తిగా కప్పేసింది. మా ఆయన కొమ్మలు పట్టుకుని లాగితే బయటపడింది, రెండు రాళ్ళూ పక్కపక్కనే. ఆయన రాతి మీద గుడ్డంత పింగాణీ ఫొటో, మూల కొంచెం పగిలి. మా వాడి చెవులు, అవే. బయటికి విసిరినట్టుండే చెవులు. మా ఆయన గ్లవ్ తీసి ఆ ఫొటోని వేలితో తుడిచాడు, ఏమీ అనలేదు.

రాతి మీద రాత చదవడానికి సుద్ద రాయడం, షేవింగ్ క్రీమ్ పూయడం చేస్తారు కొందరు, చెయ్యకండి, రాయి పాడవుతుంది. మంచినీళ్ళ స్ప్రే, మెత్తని బ్రష్, ఒక అద్దం చాలు. అద్దంతో ఎండని పక్కనుంచి రాతి మీద పడేలా తిప్పితే చెరిగిపోయిన అక్షరాలు లేచి నిలబడతాయి. నేను డ్రెస్సింగ్ టేబుల్ అద్దం తెచ్చాను, మా వాడు పట్టుకున్నాడు, వాడి జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేసి ఉండడు.

మా ఆయనకి హీబ్రూ అక్షరాలు వస్తాయి, అర్థం రాదు. ఫొటోలు జ్యూయిష్‌జెన్ అనే యూదుల వంశచరిత్ర సైటులో వ్యూమేట్ అనే విభాగంలో పెట్టాం, స్వచ్ఛందంగా చదివిపెట్టేవాళ్ళుంటారు. రెండు రోజుల్లో ముగ్గురు జవాబిచ్చారు. పైన రెండు అక్షరాలు, పే, నూన్, అంటే "ఇక్కడ ఖననమైనవారు". కింద అయిదు అక్షరాలు, ఆత్మ జీవపు మూటలో కట్టబడాలని, సమూయేలు గ్రంథంలో మాట. మధ్యలో తేదీ: అదార్ 11, సంవత్సరం అక్షరాల్లో. ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె, తావ్ 400, రేష్ 200, త్సాదె 90, దాలెత్ 4, కూడితే 694. దానికి 1240 కలిపితే 1934. (సెప్టెంబర్, డిసెంబర్ మధ్య అయితే 1239 కలపాలి.) అదార్ 11 అంటే ఫిబ్రవరి 26 వస్తోంది, కాగితంలో 25 ఉంది. ఇది కూడా మనకి కొత్తేం కాదు, వాళ్ళకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, ఆయన పోయింది రాత్రి తొమ్మిదికి.

రాయి పైన చెక్కిన కూజా చూసి అలంకారం అనుకున్నాను. అది లేవీయుల గుర్తట, పూజారులకి చేతులు కడిగే వంశం. తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. పూజారుల వంశం అయితే రెండు చేతుల గుర్తు ఉంటుంది. మా అత్తగారికి ఈ సంగతి తెలీదు, మా ఆయనకి అసలే తెలీదు. తండ్రి పేరు కూడా మరణపత్రంలో ఉన్నది కాదు, వేరే. రాయి చెక్కించినవాళ్ళు సంఘం పెద్దలు, వాళ్ళకి ఆయన్ని గుడిలో తండ్రి పేరుతో కలిపి పిలవడం అలవాటు. అందుకే ఈ విషయంలో నేను రాయినే నమ్ముతాను.

ముత్తవ్వ రాతి మీద రెండు కొవ్వొత్తుల బొమ్మ, చాలావరకు ఇంగ్లీషు, హీబ్రూ రెండే లైన్లు. ఆ రెండో లైన్లో ఉంది, ఫలానా ఆయన కూతురు అని. ఆ పేరు మా అత్తగారి నాన్నది! హీబ్రూ పేరు అక్షరం పొల్లుపోకుండా అదే. మనం తాత బతికుండగానే మనవడికి ఆయన పేరు పెట్టేసుకుంటాం, ఆ ప్రాంతపు యూదులు మాత్రం పోయినవాళ్ళ పేరే పెడతారు, బతికున్నవాళ్ళది పెట్టరు. అంటే 1915 నాటికే ఆవిడ తండ్రి పోయాడు, ఇక్కడికి ఉత్తరం వచ్చి ఉంటుంది, ఆవిడ ఆ పేరు కొడుక్కి పెట్టుకుంది. ఫోన్లో చెబితే అత్తగారు ఏడ్చారు. నాన్న పేరు ఎవరిదో తెలుసుకోవడానికి నాకు డెబ్బై నాలుగేళ్ళు పట్టింది అన్నారు.

ఏప్రిల్ 7న మళ్ళీ వెళ్ళాం, ఈసారి అత్తగారు కూడా వచ్చారు. నేను గేటు స్తంభాలు తీరిగ్గా చదివాను. ట్రెజరర్ అని చెక్కిన చోట ఒక పేరు, ఎక్కడో చూసినట్టుంది. బ్యాగులోంచి నోట్‌బుక్ తీశాను. 1921 పిటిషన్‌లో సాక్షి! టోపీలు కుట్టే రెండో మనిషి. ఆయన రాయి మూడు వరసల అవతలే ఉంది, తండ్రి పేరు ముత్తవ్వ తండ్రి పేరే. అన్నో తమ్ముడో, మొత్తానికి తోడబుట్టినవాడు. ముత్తాత విల్కొమిర్ వాడైనా అత్తవారి ఊరి సంఘంలో చేరాడు, బావమరిది చేర్పించి ఉంటాడు. పొనెవెజ్ ఆవిడ పుట్టిల్లు. అక్కడే నిలబడి అత్తగారు మా ఆయనతో, నేను ఇల్లరికం అల్లుడి మనవరాలినన్నమాట అన్నట్టుగా ఏదో అని నవ్వారు.

ఇంటిపేరు, ఊరు, తండ్రి పేరు మూడూ చేతిలో ఉంటే పని ఎంత తేలికో చెప్పలేను. లిథువేనియా యూదుల పాత కాగితాలు పోగుచేసే లిట్‌వాక్‌సిగ్ వాళ్ళ డేటాబేస్‌లో రష్యా చక్రవర్తుల (జారుల) కాలం నాటి 1858 రివిజన్ లిస్టు, అంటే పన్నుల కోసం కుటుంబాల వారీగా రాసిన లెక్క, అందులో పొనెవెజ్‌లో ఆ ఇంటిపేరుతో ఒక ఇల్లు. ఇంటిపెద్ద, అన్నదమ్ములు, ఒక కొడుకు మూడేళ్ళవాడు. ఆ మూడేళ్ళవాడే ముత్తవ్వ తండ్రి. అంత వెతికిన దానికి ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేదేమో. అదే ఇంటిపేరు, నాజీలు చంపిన యూదుల పేర్లు భద్రపరిచే యాద్ వాషెమ్ డేటాబేస్‌లో కొట్టాను. ముత్తవ్వ చెల్లెలు, భర్త, ముగ్గురు పిల్లలు. ఇజ్రాయెల్‌లో, హైఫాలో ఉన్న బంధువు ఎవరో చేత్తో నింపిన సాక్ష్యపత్రం. పొనెవెజ్ యూదుల్ని 1941 ఆగస్టు 23న పక్కనే ఉన్న పాయువొస్తె అడవికి తీసుకెళ్ళి చంపారు, చంపినవాళ్ళ రిపోర్టులోనే లెక్క ఉంది, 7,523 మంది, అందులో 1,609 మంది పిల్లలు. భోజనాల లెక్క ఎంత నీటుగా రాశారో ఇదీ అంత నీటుగా రాశారు. అత్తగారికి చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు ఆగాను. చెబితే, ఆవిడ ఆశ్చర్యపోలేదు. నాయనమ్మ పోస్ట్‌మాన్ వచ్చే వేళకి కిటికీ దగ్గర కూర్చునేది, ఎందుకో నాకు తెలిసేది కాదు అన్నారు.

జూన్‌లో ముత్తవ్వ మరణపత్రం వచ్చింది, రెండోసారి అప్లై చేశాక. తండ్రి పేరు "మ్యాక్స్" అట. తల్లి పేరు తెలియదు.

పసివాడి సమాధి కూడా అదే శ్మశానంలో దొరికింది, పిల్లల వరసలో, ఇంకో స్పెల్లింగుతో. రాయి లేదు, గడ్డి, అంతే. చిన్న రాయి పెట్టించాలంటే సంఘం అనుమతి కావాలి, సంఘమేమో ఎప్పుడో మూతపడింది. రాయి ధర వెయ్యి డాలర్ల పైనే చెప్పారు. ఇంకా తిరుగుతున్నాం.

సెప్టెంబర్ 29 ఆదివారం వాళ్ళ కొత్త సంవత్సరానికి ముందు సమాధులు చూసుకునే ఆనవాయితీకి వెళ్ళాం, కారు పెట్టడానికి చోటు లేదు. పూలు తేరు, గులకరాళ్ళు పెడతారు. మా వాడు ముత్తాతకీ ముత్తవ్వకీ, ఆవిడ తోడబుట్టినవాడికీ, గడ్డిలో పసివాడికీ పెట్టాడు. బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర అందరూ చేతులు కడుక్కున్నారు, నేను ఇంటికొచ్చి తలస్నానం కూడా చేశాను.

అక్టోబర్ 1 రాత్రి తెనాలి నుంచి నాన్న ఫోన్. అక్కడ తెల్లవారి రెండో తేదీ, మళ్ళీ మహాలయ అమావాస్య. ఆ రెండో తేదీ సాయంత్రమే ఇక్కడ యూదుల సంవత్సరాది మొదలు. కారుణ్య తర్పణంలో వియ్యాలవారి వైపు వాళ్ళకీ వదలొచ్చమ్మా, పేర్లు చెప్పు అన్నారు. మా ఆయన్ని అడిగితే, అమ్మకి ఫోన్ చేసి కనుక్కుని, సరే అన్నాడు. నేను చెబుతుంటే నాన్న తెలుగులో రాసుకుని రెండు మూడుసార్లు పలికి చూసుకున్నారు. గోత్రం అన్నారు. లేవీ అన్నాను. కాసేపాగి, "సరే, అదే రాస్తా" అన్నారు. పసివాడి పేరు దగ్గర "పది నెలలు" అని కూడా రాసి, ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపారు. మా వాడు నా భుజం మీదుగా చూసి, ముత్తవ్వ చెల్లెలి పేరేది, ఆవిడ పిల్లలవి ఏవి, తాతయ్యకి మళ్ళీ ఫోన్ చెయ్యి అన్నాడు. చేశాను, అప్పటికే నాన్న పీట మీద కూర్చున్నారట, అమ్మ తీసి, చెప్పు నేను రాసిస్తా అంది.